నాగా పడిన కూలి



కబడ్డీ ఎరుగని ఊరు మన ప్రాంతములో లేదు. జనగామ దిక్కున వరికోతలైన మళ్లలోను, మహబూబాబాదు దిక్కున బడి ఆవరణములలోను, భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీలలోను సంక్రాంతి వచ్చెననగా సున్నపు గీతలు గీసి ఊరికి ఊరు పందెము కట్టుకొందురు. చూచువారికి అది వినోదము. ఆడువాని ఇంటిలో మాత్రము ఒక లెక్క ఉండును. మూడు దినములు పోటీకి పోయినయెడల మూడు దినముల కూలి నాగా. బాయిలో పనిచేయువాడైతే ఆ మూడు దినములు మస్టరు పడదు.

చాల సంవత్సరముల క్రిందట నా సంఘములో ఒక యువకుడుండెను. అతడు కూతకు పోయిన, పట్టుకొనుట ఎవరి తరమును కాకుండెను. ఒక ఆదివారమున ఆరాధన మానుకొని పోటీకి పోయెను. మరుసటి ఆదివారము నేను పేరెత్తకయే ప్రసంగములో అతనిని గద్దించితిని. అందరికిని ఎవరినో తెలిసెను. అటుతరువాత అతడు ఆట మానివేసెను. నా ప్రసంగము పనిచేసెనని నేను సంతోషించితిని. ఏడాది గడచిన పిమ్మట అతని తల్లి నాతో ఉన్న సంగతి చెప్పెను. ఆట మాన్పించినది నా ప్రసంగము కాదు. మూడు నాగాలు పెట్టినందుకు మేస్త్రి అతనిని పనిలోనుండి తీసివేసెను, అంతే. నేను ఆదివారమును మాత్రమే చూచితిని. సోమవారము, మంగళవారము నా కంటికి కనబడలేదు.

ఆ యువకుడు జ్ఞాపకము వచ్చినప్పుడెల్ల, ఇంగ్లండు దేశములో ఇదే లెక్కను గూర్చి నూరేండ్లు సాగిన ఒక జగడము నాకు తలపునకు వచ్చును. అది రగ్బీ అను ఆటను గూర్చిన జగడము. ఆ ఆట ఆడిన ఇద్దరి చరిత్రను ఈ మాసము మీకు చెప్పగోరుచున్నాను.

రగ్బీ అనునది మొదట ఒక ఊరి పేరు. అక్కడి పాఠశాలలో ఈ ఆట పుట్టినది గనుక ఆటకును ఆ పేరే వచ్చెను. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి కాలితో తన్నవలసిన బంతిని చేత పట్టుకొని పరుగెత్తెననియు, అదియే ఆటకు మొదలనియు చెప్పుదురు. అతడు తరువాత దైవసేవకుడై లండనులో ఒక సంఘమునకు గురువుగా ఉండెను. గురువును గూర్చిన కథ గనుక నమ్మవలెనని నాకును ఉన్నది గాని, ఈ కథ అతడు 1872లో చనిపోయిన తరువాతనే వ్యాపించినది. చరిత్రకారులు దీనిని అంతగా నమ్మరు.

ఆ పాఠశాలకును మన తెలుగు దేశమునకును సంబంధము లేకపోలేదు. 1841లో రాబర్టు నోబుల్ గారితో కలిసి మచిలీపట్టణమునకు వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారు రగ్బీ పాఠశాలలోనే చదివిరి. ఆయన 1848లో, ముప్పది దాటిన కొలది కాలమునకే, మరణించిరి. ఆయన జ్ఞాపకార్థము ఆ పాఠశాలవారు చందాలు వేసికొని, నోబుల్ గారి బడిలో ఒక ఉపాధ్యాయుని జీతమునకు పైకము పంపుచు వచ్చిరి. ఆ పదవికి రగ్బీ-ఫాక్స్ మాస్టరు అనియే పేరు. కాబట్టి రగ్బీ అను మాట మన తెలుగు గడ్డకు ఆటగా రాలేదు, ఒక పనివాని జీతముగా వచ్చినది. దీనిని మరువకుడి.

ఆట ఎట్లుండునో కొంచెము చెప్పెదను. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా ఉండును. దానిని చంకన పెట్టుకొని పరుగెత్తవచ్చును. తోటివానికి ఇయ్యదలచిన ప్రక్కకో వెనుకకో విసరవలెను గాని ముందుకు విసరరాదు. ఎదుటివారు మన కబడ్డీలోవలెనే నడుము పట్టి, కాళ్లు పట్టి నేల కూల్చుదురు. వారిని తప్పించుకొని అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించినవాడు ట్రై చేసెనందురు. కూతలేని కబడ్డీ అని తలంచుడి; కాని మైదానము పెద్దది, మనుష్యులు ఏనుగులు.

ఈ ఆటకు 1871లో లండనులో ఒక యూనియను ఏర్పడెను. దానిని స్థాపించినవారు పెద్ద పాఠశాలలలో చదివిన దొరలు. ఆడినందుకు పైకము పుచ్చుకొనరాదని వారి నియమము. ఇంతలో ఉత్తర ఇంగ్లండులోని బొగ్గుబాయిలవారును, బట్టల మిల్లులవారును ఈ ఆట నేర్చుకొనిరి. దొరలకంటె బాగుగా ఆడసాగిరి కూడ. కాని ఆటలు శనివారమున జరుగును. ఆ కాలమున పనివారికి శనివారము మధ్యాహ్నమువరకు పని. దూరపు ఊరికి పోయి ఆడవలెననిన పని విడిచి రైలెక్కవలెను. ఆ దినము కూలి పోవును. మాకు ఆటకు జీతము వద్దు, నాగా పడిన కూలి మాత్రము ఇప్పించుడని వారడిగిరి.

1893 సెప్టెంబరులో లండనులో సభ కూడెను. ఉత్తరమునుండి వచ్చినవారి కోరికకు అనుకూలముగా 136 ఓట్లు, ప్రతికూలముగా 282 ఓట్లు వచ్చెను. దొరల వాదమును నేను పూర్తిగా త్రోసివేయను. ఆటలో పైకము చేరినచో జూదము చేరును, ఆట సంతగా మారునని వారనిరి. అందులో కొంత సత్యమున్నది. కాని ఇంట భూములు, వడ్డీలు ఉన్నవానికి ధర్మముగా ఆడుట సులభము. నాకు సిగ్గు కలిగించు మాట ఒకటి చెప్పుదును. పనివారికి పైకము ముట్టకూడదని అందరికంటె గట్టిగా పట్టుబట్టి, తప్పు చేసిన క్లబ్బులను వెదకి శిక్షింపజేసినవాడు ఫ్రాంక్ మార్షల్ అను ఒక పాదిరి. ఆయన బడి ప్రధానోపాధ్యాయుడు కూడ. ద్రాక్షతోట కూలివారి ఉపమానమును ఆయన ఎన్నిమార్లు ప్రసంగించి యుండెనో గదా అని నేననుకొందును. అనుకొని, నా యువకుని జ్ఞాపకము చేసికొని, ఊరకుందును.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు పట్టణములో జార్జి హోటలులో ఉత్తరపు క్లబ్బులవారు కూడి, యూనియనునుండి వేరుపడిరి. ఇరువదికి పైగా క్లబ్బులు. వాటిలో బొగ్గుబాయిల నడుమనున్న విగన్ పట్టణపు క్లబ్బు ఒకటి. దినమునకు ఆరు షిల్లింగులవరకు నాగా కూలి ఇచ్చుకొనవచ్చునని వారు తీర్మానించుకొనిరి. ఆరు షిల్లింగుల కొరకు ఒక ఆట రెండాయెను. దొరలది రగ్బీ యూనియను. పనివారిది, తరువాత వచ్చిన పేరుతో, రగ్బీ లీగు. లీగులో ఒక్కసారి కాలు పెట్టినవానికి యూనియను తలుపు జీవితాంతము మూసివేయబడెను.

ఇక మొదటివాని కథ. జేమ్స్ పీటర్స్ 1879లో సాల్ఫర్డులో పుట్టెను. తండ్రి జమైకా దేశమునుండి వచ్చిన నల్లజాతివాడు, సర్కసులో సింహములను ఆడించువాడు. ఆ సింహముల చేతనే చచ్చెను. తల్లి ఇంగ్లీషు స్త్రీ. పోషించలేక పిల్లవానిని మరియొక సర్కసునకు అప్పగించెను. అక్కడ గుర్రములమీద విన్యాసములు చేయుచు పదునొకండేండ్ల వయస్సున చెయ్యి విరుగగొట్టుకొనెను. పనికిరాడని సర్కసువారు అతనిని విడిచిపెట్టిపోయిరి. దిక్కులేని ఆ బాలుని లండనులో ఫీగన్ అను భక్తుడు నడుపుచున్న అనాథాశ్రమమువారు చేర్చుకొనిరి. అక్కడినుండి మరియొక ఆశ్రమములో పెరిగి, చేతిపని నేర్చుకొని, ఆటలలో అందరికి నాయకుడాయెను.

పెరిగి వడ్రంగియై, మొదట బ్రిస్టలులోను, 1902 మొదలు ప్లిమత్ రేవు ప్రక్కన ఓడల కార్ఖానాలోను పనిచేయుచు రగ్బీ యూనియను ఆడెను. బ్రిస్టలులో అతనిని జట్టులో చేర్చుకొన్నందుకు కొందరు సణిగిరి. అయినను 1906 మార్చి 17న స్కాట్లండుపై ఇంగ్లండు దేశపు జట్టులో ఆడెను. ఆ దేశపు జట్టులో ఆడిన మొదటి నల్లజాతి మనుష్యుడతడే. ఆ ఆటలో ఇంగ్లండు గెలిచెను.

ఇక్కడ మనదేశపు ముచ్చటయొకటి. ఇంగ్లండు, స్కాట్లండు ఆడునప్పుడు గెలిచినవారికి కలకత్తా కప్పు ఇత్తురు. కలకత్తాలోని తెల్లవారు రగ్బీ క్లబ్బు నొకదానిని పెట్టుకొని, అది నిలువకపోగా 1870ల చివర మూసివేసి, బ్యాంకులోనున్న వెండి రూపాయలు తీసి కరగించి ఆ కప్పు చేయించి లండనునకు పంపిరి. మూడు పిడులు మూడు త్రాచుపాములు, మూతమీద ఏనుగు. మన పూర్వులు చూచిన ఆ వెండి రూపాయలే అది. సింహముల నోట తండ్రిని పోగొట్టుకొన్న అనాథ వడ్రంగి ఆడి గెలిచినది ఆ కప్పునే.

అదే సంవత్సరము చివర దక్షిణాఫ్రికా జట్టు వచ్చినప్పుడు ఇంగ్లండు జట్టులో పీటర్సుకు స్థానము దొరకలేదు. అతని రంగే కారణమని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1908 వరకు మొత్తము అయిదు మారులు మాత్రమే దేశము పక్షమున ఆడెను. 1910లో కార్ఖానాలో ప్రమాదము జరిగి మూడు వ్రేళ్లు పోయెను. వడ్రంగికి వ్రేళ్లు పోవుట ఏమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినను మరల మైదానములోనికి వచ్చెను. ఇంతలో క్లబ్బునుండి పైకము పుచ్చుకొనెనని యూనియనువారు అతనిని ఆటనుండి తొలగించిరి. 1913లో అతడు ఉత్తరమునకు పోయి, కూలి ఇచ్చు లీగు ఆటలో చేరెను. అప్పటికి ముప్పది నాలుగేండ్లవాడు. ఆటగానికి అది ముదిమి. 1954లో ప్లిమత్‌లో చనిపోయెను. అతని తరువాత ఇంగ్లండు యూనియను జట్టులో మరియొక నల్లజాతి ఆటగాడు ఆడుటకు 1988 రావలసి వచ్చెను.

లోకము మారెను, యుద్ధములు రెండు వచ్చి పోయెను, యూనియను నియమము మాత్రము మారలేదు. అయినను దొంగచాటుగా పైకములు చేతులు మారుచునే యుండెను. తుదకు 1995 ఆగస్టు 26న పారిస్‌లో కూడిన అంతర్జాతీయ రగ్బీ బోర్డువారు, ఇకమీదట ఎవరైనను జీతము పుచ్చుకొని ఆడవచ్చునని ప్రకటించిరి. జార్జి హోటలు సభకు నూరేండ్లు నిండుటకు మూడు దినములు తక్కువ. ఆ తరువాతనే ఇంగ్లండు రగ్బీ యూనియనులో బాహాటముగా జీతపు ఆటగాడనువాడు పుట్టెను.

రెండవవాడు జేసన్ రాబిన్సన్. 1974లో లీడ్స్ పట్టణములో పుట్టెను. ఇతని తండ్రియు జమైకావాడే. తల్లి స్కాట్లండు స్త్రీ. తల్లి పెంపకములో, లేమిలో పెరిగెను. అయిదడుగుల ఎనిమిదంగుళముల మనిషి. రగ్బీలో అది పొట్టి. కాని కాళ్లలో మెరుపుండెను. పదునేడవ యేట విగన్ క్లబ్బు అతనిని తీసికొనెను. అనగా పనివారి ఆటయైన లీగులో, బొగ్గుబాయిల పట్టణములో చేరెను. మన భూపాలపల్లివంటి ఊరనుకొనుడి. చిన్నతనముననే పైకము, పేరు, జనుల కేకలు దొరకెను. వాటితోపాటు త్రాగుడు. వారములో చాల రాత్రులు త్రాగి తిరిగితిననియు, ఇల్లు పాడుచేసికొను స్థితికి వచ్చితిననియు అతడే తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

ఆ క్లబ్బులోనికి న్యూజిలాండునుండి వాయిగా టుయిగమాలా అను ఆటగాడు వచ్చెను. సమోవా దీవిలో పుట్టిన మహాకాయుడు, దృఢమైన క్రైస్తవుడు. అతడు రాబిన్సన్‌కు ప్రసంగములు చేయలేదు. రాబిన్సన్ చూచినది అతని నడవడిని, అతని నెమ్మదిని. నాకున్న పైకమంతయు ఉండియు లేనిది ఇతనికేమి యున్నది అని తనలో తాను ప్రశ్నించుకొనెను. 1990ల నడుమ రాబిన్సన్ మారుమనస్సు పొంది త్రాగుడు మానెను. నేను మేడమీదినుండి గద్దించి సాధించలేనిదానిని ఆ సమోవావాడు బట్టలు మార్చుకొను గదిలో సాధించెను. టుయిగమాలా 2022లో, ఏబది రెండేండ్లకే, మరణించెను.

ఆదివారము సంగతి ఏమని మీరడుగుదురు, అడుగవలసినదే. లీగు ఆటలు ఆదివారమున జరుగుట సాధారణము. న్యూజిలాండులో మైకేల్ జోన్స్ అను గొప్ప ఆటగాడు మాత్రము ఆదివారము ఆడనని పట్టుబట్టి, ప్రపంచ కప్పు ఆటలను సైతము వదలుకొనెను. అతని పట్టుదలను నేను గౌరవింతును. కాని అతనిని చూపి వేరొకనిని తీర్పు తీర్చుట నేను మానుకొంటిని.

తలుపు తెరువబడినది గనుక 2000 సంవత్సరము చివర రాబిన్సన్ విగన్‌ను విడిచి, యూనియను ఆడు సేల్ క్లబ్బులో చేరెను. 2001 ఫిబ్రవరిలో ఇంగ్లండు జట్టులో కాలు పెట్టెను. ఆ జూన్ 30న బ్రిటనుదేశముల కూటమి జట్టైన లయన్స్ పక్షమున ఆస్ట్రేలియాపై ఆడుచు, మూడవ నిమిషముననే గీత ప్రక్కన రెండు మూడు గజముల సందులో ఎదుటివానిని తప్పించి ట్రై చేసెను. మరుసటి ఏడు స్కాట్లండుపై రెండు ట్రైలు చేసెను. గెలిచినది మన వెండి రూపాయల కప్పే.

2003 నవంబరు 22న సిడ్నీలో ప్రపంచ కప్పు తుది ఆట. ఎనుబది వేలమందికి పైగా జనము. మొదటి సగము ముగియవచ్చినప్పుడు ఎడమ మూలకు జారుకొనుచు బంతిని గీత దాటించినవాడు రాబిన్సనే. ఆ దినము ఇంగ్లండుకు ట్రై అదొక్కటే. ఆట సమానమై, అదనపు సమయములో చివరి అర నిమిషమున జానీ విల్కిన్సన్ కుడికాలితో కొట్టిన గోలుతో ఇంగ్లండు 20–17తో గెలిచెను. ఆ కప్పునకు ఆ పాదిరి వెబ్ ఎల్లిస్ పేరే.

2004 నవంబరు 13న కెనడాపై ఆడినప్పుడు రాబిన్సన్ ఇంగ్లండుకు నాయకుడాయెను. ఆ పదవిలో నిలిచిన మొదటి నల్లజాతి మనుష్యుడతడు. ఆ దినము తానే మూడు ట్రైలు చేసెను, 70–0తో గెలిచిరి. పీటర్సును యూనియను వెళ్లగొట్టగా అతడు లీగుకు పోయెను. రాబిన్సన్ లీగునుండి వచ్చి యూనియనునకు నాయకుడాయెను. ఇద్దరి తండ్రులును జమైకావారే. వారి నడుమ దాదాపు నూరు సంవత్సరములు. 2005లో కుటుంబము కొరకని దేశపు జట్టునుండి తప్పుకొని, మరల వచ్చి, 2007 అక్టోబరు 20న పారిస్‌లో తన చివరి దేశపు ఆట ఆడెను. అదియు ప్రపంచ కప్పు తుది ఆటయే. దక్షిణాఫ్రికా గెలిచెను. రాబిన్సన్ భుజము దెబ్బతిని నడుమనే మైదానము విడిచెను. ఇంగ్లండు యూనియను పక్షమున 51 ఆటలు, 28 ట్రైలు అతని లెక్క.

కథ ఇక్కడ ఆపితే బాగుండును గాని, జీతము వచ్చిన తరువాత జరిగినదియు చెప్పవలెను. ఆటయే వృత్తియైనప్పటినుండి ఆటగాండ్రు రోజంతయు కండలు పెంచి, బలిసి, మరింత వేగముగా ఒకరినొకరు గుద్దుకొనసాగిరి. 2003 తుది ఆటలో రాబిన్సన్‌తోపాటు ఆడిన స్టీవ్ థాంప్సన్ తనకు మతిమరుపు వ్యాధి సోకినట్లు 2020లో, నలుబది రెండేండ్ల వయస్సున, వెల్లడించెను. ఆ కప్పు గెలిచినట్లు తనకు జ్ఞాపకమే లేదని చెప్పెను. తలకు తగిలిన దెబ్బలకు బాధ్యులెవరని అనేకమంది పాత ఆటగాండ్రు కోర్టుకెక్కిరి. పీటర్సుకు వ్రేళ్లు పోయినది కార్ఖానాలో. థాంప్సన్‌కు జ్ఞాపకము పోయినది మైదానములో. మైదానమే కార్ఖానా అయినప్పుడు అక్కడి దెబ్బకు ఎవరు పూచీ అను లెక్క ఇంకను తేలవలసి యున్నది.

మనదేశములోను ఇప్పుడు రగ్బీకి జీతములు వచ్చినవి. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరుతో ఒక జట్టు ఆడెను. కబడ్డీకి అంతకుముందే, 2014 నుండి, అట్టి లీగు ఉన్నది.

మొన్న ఒక సాయంకాలము గుడి అరుగుమీద ఈ కథ చెప్పుచుంటిని. నేను గద్దించిన ఆ యువకుడు ఇప్పుడు నలుబది దాటినవాడు. అతడును, కబడ్డీ ఆడు అతని కుమారుడును కూర్చుండి వినిరి. కథయంతయు అయిన పిమ్మట తండ్రి కొంచెముసేపు ఊరకుండి, "అయ్యగారూ, గా ఆరు షిల్లింగులు ముందుగాల్నే ఇచ్చివుంటే రెండు ఆటలయ్యేటివి కావు గదా?" అనెను.

కావంటిని. అతడు తల ఊపి, కుమారునివైపు తిరిగి, ఎల్లుండి పోటీ ఏ ఊరిలోనని అడిగెను. తరువాత నా ఎదుటనే జేబులోనుండి సెల్‌ఫోను తీసి మేస్త్రికి ఫోను చేసి, తన కుమారుడు రెండు దినములు పనికి రాడని చెప్పెను.